చర్చ: స్కుటారీలో చావులు తగ్గింది నైటింగేల్ వల్లా, మురుగు కాలువల వల్లా?

బెజవాడ_బుల్లోడు: 19వ శతాబ్దంలో యుద్ధ ఆసుపత్రులు ఎలా బాగుపడ్డాయో ఎల్లుండి సెమినార్ ఇవ్వాలి. క్రిమియా, అమెరికా అంతర్యుద్ధం, మత్తుమందు. ఈ మూడూ చెప్పండి చాలు. టెన్షన్‌గా ఉంది.

పాతపేపర్: దీపం పట్టుకున్న దేవత కథ మాత్రం చెప్పకు తమ్ముడూ. క్రిమియా యుద్ధంలో గాయపడ్డ బ్రిటిష్ సైనికుల కోసం ఇస్తాంబుల్ దగ్గర స్కుటారీలో పెట్టిన ఆసుపత్రికి నైటింగేల్ 38 మంది నర్సులతో 1854 నవంబరులో దిగింది. చావులు తగ్గకపోగా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో నూటికి 42 మంది పోయారు. మార్చిలో బ్రిటిష్ ప్రభుత్వం పంపిన శానిటరీ కమిషన్ వచ్చి మురుగు కాలువలు కడిగించి, చచ్చిన జంతువులను పాతిపెట్టించి, గాలి ఆడేలా చేసింది. జూన్‌కి నూటికి 2. అంతే కథ.

నర్సమ్మ_గుంటూరు: ఒక్క నైట్ డ్యూటీ చేశారా మీరు? ఇద్దరం 60 బెడ్లు చూసిన రాత్రులున్నాయి నాకు. మాసిన దుప్పటి మార్చేవాళ్లు లేకపోతే మీ కాలువ ఏం చేస్తుంది? చందాల డబ్బుతో చొక్కాలు, సబ్బులు కొని, లాండ్రీ పెట్టించింది ఆవిడే.

పాతపేపర్: సబ్బు వద్దన్నానా? రోగాల చావులే ఎక్కువని 1858లో ఆవిడ రంగుల చార్టే చూపించింది.

నర్సమ్మ_గుంటూరు: ఆ చార్టు ఎవరు వేశారండీ, మీ మురుగు కాలువా?

రిటైర్డ్_సుబేదార్: ఆర్మీ మెడికల్ కోర్‌లో 22 ఏళ్లు చేశాను, నాకు చెప్పకండి. ముందు మనిషి ఆసుపత్రికి చేరాలి కదా! అమెరికాలో స్ట్రెచర్లు మోయడానికి బ్యాండు వాయించేవాళ్లను కూడా పెట్టారు. 1862 ఆగస్టు చివర రెండో బుల్ రన్ యుద్ధంలో గాయపడినవాళ్లు రోజుల తరబడి పొలాల్లోనే పడి ఉన్నారు. లెటర్‌మన్ అనే డాక్టరు అంబులెన్సు బళ్లు, మనుషులు వైద్యవిభాగం చేతికే రావాలని పట్టుబట్టాడు. సెప్టెంబరు 17న ఆంటీటం యుద్ధంలో ఫలితం కనిపించింది. 1864లో చట్టమే చేశారు.

మన్యం_కుర్రాడు: 1864 అంటున్నారు. మా ఊరి నుంచి ఇప్పటికీ గర్భిణులను డోలీలోనే మోస్తున్నాం సార్. పోయిన వానాకాలం నేనూ భుజం పట్టాను. వాగు దాటేటప్పుడు వెదురు కర్ర గొంతు దగ్గర ఒరుసుకుని తోలు లేచిపోయింది.

సుల్తాన్‌బజార్: డోలీ సంగతి వేరే చర్చ పెట్టుకోండి. పాపం బుల్లోడు మత్తుమందు గురించి కూడా అడిగాడు. క్రిమియాలో బ్రిటిష్ సైన్యం పెద్ద డాక్టరు జాన్ హాల్ క్లోరోఫామ్ అంటే భయపడ్డాడు. కోతప్పుడు సైనికుడు నోరెత్తకుండా పోవడం కన్నా గావుకేకలు పెట్టడమే నయమట! తర్వాత క్లోరోఫామ్ ప్రమాదమా కాదా అని తేల్చే కమిషన్లు కూర్చున్నది మా హైదరాబాద్‌లోనే, 1888లో, 89లో, నిజాం ప్రభుత్వ ఖర్చుతో.

పాతపేపర్: ఆ కమిషన్ తేల్చింది కూడా తర్వాత తప్పేనని తేలింది, అది చెప్పరేం? గుండెకు ప్రమాదం లేదన్నారు.

సుల్తాన్‌బజార్: మొదలైంది మళ్లీ. మీకు నచ్చేది ఏదైనా ఉందా అసలు?

బెజవాడ_బుల్లోడు: అన్నా, ఆ చార్టు ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా?

నర్సమ్మ_గుంటూరు: పంపిస్తా నాన్నా. లాండ్రీ సంగతి మాత్రం మర్చిపోకు.