పది రోజుల వాయిస్ బూట్‌క్యాంప్‌కి 65 వేలు: కట్టొచ్చా, వద్దా?

ఖమ్మం_కేబుల్
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఆరేళ్ళుగా డేటా నెట్‌వర్క్ పనిలో ఉన్నాను, స్విచ్‌లు, రౌటింగ్, ఫైర్‌వాల్ అన్నీ చూస్తాను, సీసీఎన్‌ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్క్ సర్టిఫికెట్) ఉంది. ఇప్పుడు ఐపీ ఫోన్ల (ఆఫీసు నెట్‌వర్క్ మీదే నడిచే ఫోన్లు, అదే వాయిస్) పని కూడా మా టీమ్‌కే ఇస్తున్నారు, దాని పై మెట్టు, ఐపీ ఫోన్ల మీద ఉండే సీసీఎన్‌పీ కొలాబరేషన్ చేసినవాళ్ళకే ముందు అవకాశం అని మేనేజర్ చెప్పేశాడు. అమీర్‌పేటలో ఒక చోట 10 రోజుల బూట్‌క్యాంప్ ఉంది, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా, ఫీజు 65 వేలు, కోర్ పరీక్ష 350-801కి కట్టే 400 డాలర్లు వేరే. ఇంట్లో ఏడు నెలల పాప. రోజూ రాత్రి రెండేసి గంటలు ఆరు నెలలు చదవడం నా వల్ల కాదు, పది రోజులు సెలవు పెట్టి ఒకేసారి తేల్చేద్దామని ఉంది. డెమో క్లాసుకి వెళ్ళాను, ట్రైనర్ బాగానే చెప్పాడు. జి.729 (మాటని కుదించి పంపే పద్ధతి, కోడెక్ అంటారు) కాల్‌కి 8 కేబీపీఎస్ (సెకనుకి 8 వేల బిట్లు) పడుతుంది కాబట్టి 2 ఎంబీపీఎస్ లింకులో 250 కాల్స్ వెళ్తాయని బోర్డు మీద లెక్క వేసి చూపిస్తే చాలా సులువుగా అర్థమైంది. ఇలా చేసినవాళ్ళు ఉంటే చెప్పండి.

డయల్‌పీర్_72
వద్దు తమ్ముడూ. 2006 నుంచి వాయిస్‌లోనే ఉన్నాను, సీసీఐఈ (సిస్కోలో నిపుణుల స్థాయి సర్టిఫికెట్) వాయిస్ అని ఉన్నప్పుడే చేశాను (దాన్ని 2014 ఫిబ్రవరిలో ఆపేసి కొలాబరేషన్ పెట్టారు). ఫోన్ మోగించడం పది రోజుల్లో ఎవరైనా నేర్చుకుంటారు. ఫోన్ మోగి, ఎత్తాక అవతలి గొంతు వినపడకపోతే ముందు ఎక్కడ చూడాలి అన్నది తెలియడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇంకొక మాట. నువ్వు మెచ్చుకున్న ఆ 250 లెక్క తప్పు. 8 కేబీపీఎస్ అంటే ఒట్టి మాట మాత్రమే. ప్రతి 20 మిల్లీసెకన్లకి ఒక ప్యాకెట్ వెళ్తుంది, అందులో మాట 20 బైట్లు, దాని మీద ఐపీ, యూడీపీ, ఆర్‌టీపీ హెడర్లు (ప్యాకెట్ మీద రాసే చిరునామా వివరాలు) కలిపి 40 బైట్లు. సెకనుకి 50 ప్యాకెట్లు. అంటే 24 కేబీపీఎస్, ఈథర్‌నెట్ ఫ్రేమ్ కూడా కలిపితే 31.2. సరుకు కన్నా సంచి బరువు రెండింతలు. పైగా లింకు మొత్తం వాయిస్‌కి ఎవరూ ఇవ్వరు, ప్రయారిటీ క్యూకి (వాయిస్‌ని ముందు పంపే వరస) మూడో వంతు దాటనివ్వొద్దన్నది పాత నియమం. ఆ లెక్కన 2 ఎంబీలో పడేది ఇరవై, పాతిక కాల్స్. 250 కాదు. డెమో క్లాసులోనే ఇది తప్పు చెప్పినవాళ్ళు పది రోజుల్లో ఇంకేం చెప్తారో ఆలోచించు.

నల్గొండ_నెట్
ఆ ఇన్‌స్టిట్యూట్ పేరు కొంచెం విడిగా పంపుతారా?

వైర్‌షార్క్_వదిన
ఖమ్మం తమ్ముడూ, నేను చేశాను కాబట్టి చెప్తున్నా. విజయవాడ మాది. ఇద్దరు పిల్లల కోసం నాలుగేళ్ళు ఉద్యోగం మానేసి, 2018లో మళ్ళీ వెతకడం మొదలుపెడితే ఒక్క కాల్ రాలేదు. అప్పుడు పిల్లల్ని అత్తగారి దగ్గర వదిలి ఎస్సార్ నగర్‌లో లేడీస్ హాస్టల్లో 12 రోజులు ఉండి సీసీఎన్‌ఏ కొలాబరేషన్ బూట్‌క్యాంప్ చేశాను. మొదటి రోజు నా ముందున్న ఫోన్ తెరమీద "కాన్ఫిగరింగ్ ఐపీ" అని వస్తూ అలాగే తిరుగుతూనే ఉంది, గంటన్నర. పక్కవాళ్ళందరి ఫోన్లూ వచ్చేశాయి. నేను వాయిస్ వీలాన్ (ఫోన్లకి విడిగా ఇచ్చే నెట్‌వర్క్) తప్పు ఇచ్చాను, అది దిద్దాక ఐపీ వచ్చింది కానీ రిజిస్టర్ అవ్వదు, చూస్తే ఐపీలు పంచే డీహెచ్‌సీపీలో ఆప్షన్ 150 పెట్టలేదు, ఫోన్ సెట్టింగులు ఇచ్చే టీఎఫ్‌టీపీ సర్వర్ ఎక్కడుందో ఫోన్‌కి చెప్పేది అదే కదా. ఆఖరికి తెరమీద 2001 అని నా నంబర్ పడింది. నాలుగేళ్ళలో నా చేత్తో చేసిన మొదటి ఆఫీసు పని అది. ఆ రాత్రి హాస్టల్లో అన్నం కూడా తినబుద్ధి కాలేదు సంతోషంతో.

ఆ సర్టిఫికెట్ వల్లే ఇంటర్వ్యూకి పిలిచారు. ఇవాళ్టికీ వాయిస్ పనే చేస్తున్నా. రెండేళ్ళు నేర్చుకోవాలి అనడం బాగుంటుంది, ఆ రెండేళ్ళు ఎవరిస్తారు?

డయల్‌పీర్_72
వదిన గారూ, మీ కష్టం నేను కాదనను. కానీ 250కీ 25కీ తేడా తెలియకుండా ఒక బ్రాంచికి లింకు కొనిపిస్తే ఏమవుతుందో చెప్పండి. నేను అడిగేది అదొక్కటే.

కరీంనగర్_కుర్రోడు
65 వేలంటే డంప్స్ (పరీక్షలోంచి బయటికొచ్చిన ప్రశ్నలు, జవాబులు) కూడా కలిపే ఇస్తారా భయ్యా?

డయల్‌పీర్_72
చూశారా, ఇదే. బూట్‌క్యాంప్ అనగానే వచ్చే రెండో ప్రశ్న ఇదే. తమ్ముడూ, డంప్స్ చదివి రాసినట్టు తేలితే సిస్కో ఉన్న సర్టిఫికెట్లు కూడా రద్దు చెయ్యగలదు, మళ్ళీ పరీక్ష రాయకుండా ఆపగలదు. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో నేను పార్టిషన్ అంటే ఏంటి, కాలింగ్ సెర్చ్ స్పేస్ అంటే ఏంటి అని అడుగుతాను (ఏ ఫోన్ నుంచి ఏ నంబర్లకి కాల్ వెళ్ళాలో తేల్చేవి). నిర్వచనం గడగడా చెప్పేస్తారు. "రిసెప్షన్ ఫోన్ నుంచి ఎస్‌టీడీ వెళ్ళకూడదు, ఎండీ గది నుంచి వెళ్ళాలి, గీసి చూపించు" అంటే పెన్ను కదలదు.

వైర్‌షార్క్_వదిన
డంప్స్ అడిగింది ఆ అబ్బాయి, నేను కాదు. మా బూట్‌క్యాంప్‌లో ఎవరూ డంప్స్ ఇవ్వలేదు. ఒకరు అడిగారని అందరినీ ఒకే గాటన కట్టకండి. ఎండీ గదిది, రిసెప్షన్‌ది మాతో నాలుగో రోజే చేయించారు, కావాలంటే ఇప్పుడే గీసి పంపిస్తా.

బెంగళూరు_ల్యాబ్_2వసారి
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మాది అనంతపురం, బెంగళూరులో ఉంటాను. సీసీఐఈ కొలాబరేషన్ ల్యాబ్ ఒకసారి తప్పాను. 8 గంటల పరీక్ష, మొదటి 3 గంటలు డిజైన్, తర్వాత 5 గంటలు చేతి పని, ఫీజు 1600 డాలర్లు. మా ఆవిడ గాజులు తాకట్టు పెట్టి కట్టాను కాబట్టి తప్పినరోజు ఇంటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. నేను చేసిన తప్పేంటంటే, సొంతంగా ఏమీ చదవకుండా బూట్‌క్యాంప్‌లో కూర్చున్నాను. రెండోసారికి ఏడాది పాటు వీకెండ్స్ అన్నీ ర్యాక్ (ప్రాక్టీసు చేసే పరికరాలు) అద్దెకి తీసుకుని చేసి, అప్పుడు మళ్ళీ అదే బూట్‌క్యాంప్‌కి వెళ్తే మొదటిసారి వినపడని మాటలు అప్పుడు వినపడ్డాయి. కోత మిషన్ మంచిదే, చేలో పంట ఉండాలి. వచ్చే నెల రెండోసారి రాస్తున్నా.

ఖమ్మం అన్నకి డేటా పునాది ఉంది, క్యూఓఎస్ (ఏ ప్యాకెట్ ముందు వెళ్ళాలో తేల్చడం) తెలుసు, వాయిస్ ప్యాకెట్లకి వేసే ఈఎఫ్ ముద్ర అంటే డీఎస్‌సీపీ 46 అని కొత్తగా చెప్పక్కర్లేదు. సగం పంట ఉన్నట్టే.

ఖమ్మం_కేబుల్
థ్యాంక్స్ అన్నా. నిజమే, క్యూఓఎస్ రోజూ చేస్తాను. ఆ హెడర్ల లెక్క డెమోలో నాకెందుకు తట్టలేదో అని బాధగా ఉంది, డేటాలో రోజూ చేసేదే.

డయల్‌పీర్_72
నీకు తట్టకపోవడానికి కారణం ఉంది. క్లాసులో చెప్పే వేగానికి ప్రశ్న పుట్టే టైం ఉండదు. పన్నెండు గంటల క్లాసులో పదో గంటకి కాల్ అడ్మిషన్ కంట్రోల్ (లింకులో ఎన్ని కాల్స్ దాటకూడదో కట్టడి చేయడం) చెప్తుంటే ఎవరి బుర్రలోకి వెళ్తుంది? ఇంకో ఉదాహరణ. ఊరు నుంచి ఊరికి మన సొంత ఐపీ లింకు మీద తీసుకెళ్ళిన కాల్‌ని అక్కడ మామూలు టెలిఫోన్ లైన్లోకి దించితే మన దేశంలో అది టోల్ బైపాస్, టెలికాం నిబంధనలు ఒప్పుకోవు. కాల్‌మేనేజర్‌లో (సిస్కో ఫోన్లని నడిపే సర్వర్) అలాంటి కాల్స్‌ని ఆపే లాజికల్ పార్టిషనింగ్ అనేది పెట్టిందే ఇండియా లాంటి దేశాల కోసం. పది రోజుల్లో దానికి ఎన్ని నిమిషాలు ఇస్తారు? కానీ ఇక్కడ ఉద్యోగం చేసేవాడికి మొదట తెలియాల్సింది అదే.

వైర్‌షార్క్_వదిన
అన్నగారూ, మీరు ప్రతిసారీ ఒక కొత్త విషయం తెచ్చి ఇది చెప్పరు, అది చెప్పరు అంటున్నారు. అన్నీ చెప్పేది ఎక్కడ? ఇంజినీరింగ్ నాలుగేళ్ళలో చెప్పారా? మీలాంటివాళ్ళే ప్యానెల్‌లో కూర్చుని "ఓ, బూట్‌క్యాంపా" అని రెజ్యూమే పక్కన పెట్టేది. నా మొహం మీదే ఒకాయన అలా అన్నాడు. పిల్లల గురించి అడిగాడు కానీ సిప్ (కాల్స్ కలిపే ప్రోటోకాల్) గురించి ఒక్క ప్రశ్న అడగలేదు.

డయల్‌పీర్_72
నేను ఎందుకు ఇంత గట్టిగా చెప్తున్నానో చెప్పాల్సి వస్తోంది. మూడేళ్ళ క్రితం ఒక ఆసుపత్రి, ఊరు చెప్పను. రాత్రి పదకొండు దాటాక వార్డు నుంచి బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేస్తే వార్డులో నర్సుకి అవతలి మాట వినపడుతోంది, ఆమె మాట బ్లడ్ బ్యాంక్‌లో వినపడట్లేదు. హలో హలో అని పెట్టేస్తున్నారు. వన్ వే ఆడియో. ఆ సాయంత్రం ఫైర్‌వాల్ మార్చారు, మాటని మోసే ఆర్‌టీపీ పోర్టులు 16384 నుంచి 32767 దాకా ఒకవైపే తెరిచారు. చూడటం తెలిసినవాడికి పది నిమిషాల పని. షిఫ్ట్‌లో ఉన్న కుర్రాడికి సీసీఎన్‌పీ ఉంది, రెండు వారాల బూట్‌క్యాంప్‌లో తెచ్చుకున్నాడు. అతను ఏం చేశాడు? కాల్‌మేనేజర్ సర్వీసు రీస్టార్ట్ చేశాడు. రెండుసార్లు. ఒకవైపన్నా వినపడుతున్న ఫోన్లు కూడా పోయాయి. వార్డు బాయ్‌లు రక్తం చీటీలు పట్టుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూ పరిగెత్తారు. నేను ఒంటిగంటన్నరకి ఇంట్లోంచి లాగిన్ అయి సరిచేశాను. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. ఆ కుర్రాడు ఏడ్చాడు.

వైర్‌షార్క్_వదిన
చదువుతుంటే నాకే కాళ్ళు వణికాయి. కానీ ఒక్కటి అడుగుతా. కొత్తగా వచ్చిన పిల్లాడిని రాత్రి షిఫ్ట్‌లో ఆసుపత్రికి ఒంటరిగా వేసింది ఎవరు?

నల్గొండ_నెట్
మంచి ప్రశ్న.

డయల్‌పీర్_72
నేనే వేశాను.

రోస్టర్ నేనే రాసేవాణ్ణి. మనుషుల్లేరు. సీసీఎన్‌పీ ఉంది కదా, చూసుకుంటాడులే అనుకున్నాను.

వైర్‌షార్క్_వదిన
అంటే ఆ కాగితాన్ని నమ్మింది మీరు కూడా. నేను కోపంతో అనట్లేదు. మీరు నేర్చుకున్న రెండేళ్ళు ఎవరి డబ్బుతో నేర్చుకున్నారు చెప్పండి.

డయల్‌పీర్_72
కంపెనీ డబ్బుతోనే. 2006లో చేరినప్పుడు ల్యాబ్‌లో ఒక ర్యాక్ మొత్తం మాకే ఇచ్చారు. మా సీనియర్ ఒక తమిళాయన, రోజూ పొద్దున వచ్చి ఏదో ఒక కేబుల్ పీకేసో, ఒక రీజియన్‌లో కోడెక్ మార్చేసో వెళ్ళిపోయేవాడు. బ్రాంచి నుంచి కాల్ జి.729లో వస్తుంది, అవతల ఐవీఆర్‌కి (ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అనే యంత్రం) జి.711 అనే వేరే కోడెక్ తప్ప రాదు, మధ్యలో ఒకదాన్ని ఇంకోదానిగా మార్చే ట్రాన్స్‌కోడర్ లేదు, టుక్ టుక్ టుక్ అని ఫాస్ట్ బిజీ. మధ్యాహ్నం లోపు కనుక్కోవాలి. జీతం ఇచ్చి నేర్పారు. ఇప్పుడు మా కంపెనీలో ఆ ల్యాబ్ గది లేదు, దాన్ని తీసేసి సీట్లు వేశారు. రెండుసార్లు అడిగాను, బడ్జెట్ లేదన్నారు.

వైర్‌షార్క్_వదిన
మరి నా గొడవ అదే కదా మొదటి నుంచీ. మీకు జీతం ఇచ్చి నేర్పిన చదువుని మేము పుస్తెలు తాకట్టు పెట్టి పది రోజుల్లో కొనుక్కోవాల్సి వస్తోంది, కొనుక్కుని వస్తే ఇది నాసిరకం అని మళ్ళీ మీరే అంటున్నారు. వద్దు అనే మాట ఈ తమ్ముడికి కాదు, మీ మేనేజ్‌మెంట్‌కి చెప్పాలి.

డయల్‌పీర్_72
మేనేజ్‌మెంట్ నా మాట వినదు. ఇతను వినొచ్చు. అందుకే ఇతనికి చెప్తున్నా. కంపెనీలు నేర్పాలి అన్నదాంట్లో మీతో నాకు పేచీ లేదు. కానీ బ్లడ్ బ్యాంక్‌లో ఫోన్ పట్టుకున్నవాళ్ళకి ఈ కుర్రాడికి ఎవరు నేర్పాల్సింది, ఎవరు నేర్పలేదు అన్న లెక్క అక్కర్లేదు కదా. తెలియకుండా ఆ కుర్చీలో కూర్చోకూడదు అంతే. ఇక్కడ నేను తగ్గను.

వైర్‌షార్క్_వదిన
నేనూ తగ్గను. ఆ కుర్చీ దాకా రానిస్తేనే కదా తెలిసేది.

బెంగళూరు_ల్యాబ్_2వసారి
ఖమ్మం అన్నా, చేరేముందు ఒక్కటి కనుక్కో, పది రోజులయ్యాక ర్యాక్ యాక్సెస్ ఎన్నాళ్ళు ఇస్తారు? క్లాసు కన్నా అదే ముఖ్యం.

ఖమ్మం_కేబుల్
ఇవాళ సాయంత్రం ఆఫీసు నుంచి మళ్ళీ వెళ్ళాను. అందరి ముందు కాకుండా క్లాసు అయ్యాక ట్రైనర్‌ని ఆ 250 గురించి అడిగాను. ఒక నిమిషం బోర్డు వైపే చూస్తూ ఉండిపోయి, హెడర్లు కలపలేదు, డెమోలో తేలిగ్గా ఉండాలని అలా చెప్తుంటాను, తప్పే అన్నాడు. మళ్ళీ వేసి చూపించాడు, 31.2 అతనికి తెలుసు. ర్యాక్ 20 రోజులు ఇస్తారట, నేను 45 అడిగాను, ఓనర్‌ని అడిగి చెప్తామన్నారు. టోల్ బైపాస్ సిలబస్‌లో లేదన్నారు. డబ్బు ఇంకా కట్టలేదు. మా మేనేజర్‌ని కూడా అడిగాను, సర్టిఫికెట్ వచ్చాక మొదటి మూడు నెలలు రాత్రి షిఫ్ట్‌లో ఒంటరిగా వేయొద్దని, మెయిల్‌లో రాసిస్తే కడతానని. ఇంకా జవాబు రాలేదు.

వైర్‌షార్క్_వదిన
ఆ మెయిల్ వస్తే కాపీ దాచుకో తమ్ముడూ. నా నోట్స్ స్కాన్ చేసి రేపు పంపిస్తా, పాత వెర్షన్‌వే కానీ డయల్ ప్లాన్ (నంబర్లు, కాల్స్ వెళ్ళే దారులు) అంతా పనికొస్తుంది.

డయల్‌పీర్_72
ర్యాక్‌లో కాల్‌మేనేజర్ ఏ వెర్షన్? క్యూబ్ (బయటి ఫోన్ కంపెనీతో కలిపే గేట్‌వే) ఉందా, లేక ఒట్టి ఫోన్లేనా? అది కనుక్కోకుండా కట్టకు. లాజికల్ పార్టిషనింగ్ మీద నేను ఆదివారం పొద్దున రెండు గంటలు కూర్చుంటాను, ఫోన్ చెయ్యి. వదిన గారు కూడా రావచ్చు.

కరీంనగర్_కుర్రోడు
అన్నా ఆదివారం నేను కూడా రావొచ్చా? డంప్స్ అడగను.