ఎమ్మెల్యే వాట్సాప్ గ్రూపులో పెళ్లి ఫొటోలు సరే, బిల్లుల సంగతి ఎవరు చెప్పాలి?

గట్టుమీద_రైతు:
మా ఎమ్మెల్యే గారి గ్రూపులో చాలా కాలంగా ఉన్నాను. పార్టీ మారింది, ఎమ్మెల్యే మారారు, గ్రూపు మాత్రం అదే. నిన్న చేను తడుపుతూ ఖాళీగా ఉండి ఒక నెల పోస్టులు లెక్కపెట్టాను. మొత్తం 140. అందులో పెళ్లిళ్లు, గృహప్రవేశాలు, పెద్దకర్మలు 61. సీఎం సహాయనిధి చెక్కులు 22. మిగతావి దాదాపు అన్నీ శంకుస్థాపనలు, పుట్టినరోజులు. ఆ నెలలోనే అసెంబ్లీ కూడా జరిగింది. దాని గురించి ఒక్కటే పోస్టు, సభ మెట్ల మీద దిగిన ఫొటో.

మన ఆంధ్రలో భూమి హక్కుల రికార్డు కోసం తెచ్చిన ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్ గుర్తుందా? 2019లో ఒకసారి సభ దాటింది, అభ్యంతరాలొస్తే సవరించి 2022లో మళ్లీ పెట్టారు, 2023 అక్టోబరు 31న అమల్లోకి వచ్చింది. మా ఊళ్లో ఆ పేరు మొదట వినపడింది 2024 ఎన్నికల మైకులో. ఒకరు మీ భూమి పోతుందన్నారు, ఇంకొకరు మీ భూమికి భరోసా అన్నారు. లోపల ఏముందో చెప్పినవాడు ఒక్కడు లేడు. ఎన్నికలయ్యాయి, జూలైలో రద్దు బిల్లు నెగ్గింది. పుట్టిందీ మాకు తెలీదు, పోయిందీ తెలీదు.

అందుకే అడుగుతున్నా. సమావేశాలు అయిపోగానే ఏ బిల్లులు వచ్చాయి, తను ఏం మాట్లాడారు, ఎటు ఓటేశారు అని ఒక పేజీ రాసివ్వడం ఎమ్మెల్యేకి తప్పనిసరి చెయ్యాలా, వద్దా?

పాలమూరోడు:
అన్నా, నీ చేను తొందరగనే తడిసినట్టుంది. మా అక్కకు గుండె ఆపరేషన్ అంటే రాత్రి పదకొండు గంటలకు ఎల్‌ఓసీ, అంటే ఖర్చు సీఎం సహాయనిధి కడ్తదని దవాఖానకు ఇచ్చే కాయితం, ఇప్పిచ్చిండు మా ఎమ్మెల్యే. చెల్లె పెండ్లికి కల్యాణలక్ష్మి చెక్కు 1,00,116 ఆయన చేతుల మీదనే వచ్చింది. గాయిన నాకు బిల్లు చదివి చెప్తే ఎంత, చెప్పకుంటె ఎంత? గవన్నీ రాసెటందుకు పేపరోళ్లు లేరా?

లెక్కల_మాస్టారు:
బాబూ, మీ అక్కగారు కోలుకున్నందుకు సంతోషం. కానీ సహాయనిధి డబ్బు ఎమ్మెల్యే గారి జేబులోది కాదు. ఆయన సంతకం ఒక మెట్టు, అంతే. ఇక పేపరంటావా, జిల్లా ఎడిషన్లో సభ వార్త అంటే ఎవరు ఎవరిని తిట్టారన్నదే.

మీ వైపుదే ఒకటి చెప్తాను. 2020 సెప్టెంబరులో తెలంగాణ సభ కొత్త రెవెన్యూ చట్టం చేసింది. వీఆర్వోలు పోయారు, రెవెన్యూ కోర్టులు పోయాయి. అక్టోబరు 29న భూరికార్డుల వెబ్‌సైటు ధరణి మొదలైంది. పాసుపుస్తకంలో తప్పు పడితే అప్పీలుకు వెళ్లే మెట్టు తీసేశారన్న సంగతి రైతుకి ఎప్పుడు తెలిసింది? తహసీల్దారు ‘నా చేతిలో లేదు, కోర్టుకు పో’ అన్నప్పుడు. 2024 డిసెంబరులో సభ దాటి, 2025 ఏప్రిల్లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంతో అప్పీలు మళ్లీ వచ్చింది. మధ్యలో నాలుగేళ్ల పైమాటే.

పాలమూరోడు:
మాస్టారూ, ధరణి దెబ్బ నాకు చెప్పకుండ్రి. మా బాపువి రెండెకరాలు పార్ట్-బీల, అంటే పేచీ ఉన్న భూముల లిస్టుల, పడితే చెప్పులరిగేదాంక తిరిగినం. కాని ముందుగాల తెలిసినా మేమేం జేస్తుంటిమి? మా ఎమ్మెల్యే చెయ్యి ఎత్తకుంటె బిల్లు ఆగుతుండెనా?

బెజవాడ_ప్లీడరు:
ఇదీ అసలు ప్రశ్న. రైతు గారు అడిగిన ‘ఎటు ఓటేశారు’ దగ్గరే పేచీ ఉంది. మన సభల్లో బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే నెగ్గుతాయి. అవునన్నవారు అవుననండి, కాదన్నవారు కాదనండి, అయిపోయింది. ఎవరో పట్టుబట్టి డివిజన్ అడిగితే తప్ప పేరుపేరునా లెక్క ఉండదు. లేని రికార్డు ఆయనెక్కణ్ణుంచి తెచ్చి రాస్తాడు?

రికార్డు ఉన్నా ఒరిగేది తక్కువ. 1985లో రాజ్యాంగానికి పదో షెడ్యూలు చేర్చాక, పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, అంటే విప్‌ని, కాదని ఓటేస్తే పదవి పోతుంది. ప్రతి పేజీలోనూ ‘పార్టీ ఎటంటే అటు’ అనే రాసుకోవాలి. దానికి కాయితం దండగ.

ఇంకొకటి ఎవరూ అనలేదు. 348వ అధికరణం ప్రకారం బిల్లుకి ప్రామాణిక పాఠం ఇంగ్లీషు. 1966 నుంచి తెలుగు మన అధికార భాష అని చెప్పుకుంటున్నాం, అయినా కోర్టులో మేం తిరగేసేది ఇంగ్లీషు ప్రతే. మీ ఎమ్మెల్యే ఆ బిల్లు ఆసాంతం చదివి ఉంటారని నేనైతే పందెం కాయను.

ఫ్రిస్కో_శీను:
టెక్సాస్ నుంచి నా రెండు ముక్కలు. ఇక్కడ రాష్ట్ర సభ మామూలుగా రెండేళ్లకొకసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులకు మించకుండా జరుగుతుంది. దిగువసభలో 150 మంది. జీతం నెలకు 600 డాలర్లు, సభ నడిచే రోజుల్లో భత్యం అదనం. సమావేశాలు నడిచినన్నాళ్లూ మా ప్రతినిధి నుంచి ఈమెయిల్ వస్తూనే ఉంటుంది, ఏ బిల్లు ఏ కమిటీలో ఉంది, ఆస్తిపన్ను సంగతి ఎక్కడిదాకా వచ్చింది అని. ఎవరు ఎటు వేశారో మనమే నెట్‌లో చూసుకోవచ్చు. రాజధాని ఆస్టిన్ వెళ్లి కమిటీ ముందు మాట్లాడనూ వచ్చు. మా వీధిలో ఒక తెలుగాయన వెళ్లి మాట్లాడొచ్చాడు కూడా. అలాగని అదంతా గొప్ప అనడం లేదు. ఆ ఈమెయిల్లో సగం ఆయన భజనే. స్కూల్లో బహుమతులిస్తూ ఫొటో, కొత్త ఫైర్ స్టేషన్ దగ్గర రిబ్బన్ కటింగ్ ఫొటో తప్పకుండా ఉంటాయి. ఆ జబ్బు ఇక్కడా ఉంది.

గోదారి_గడుగ్గాయి:
600 డాలర్లకి ఎమ్మెల్యేనా! మావాడి గన్‌మెన్ టీ ఖర్చుకి రాదు శీను గారూ. మా దగ్గర ఆయన చావుకి రాకపోతే ‘వాడికి ఎంత పొగరు’ అంటారు, సభకి వెళ్లకపోతే ఎవడూ ఏమీ అనడు. తప్పు ఎవరిదో మీరే తేల్చండి.

క్యాంపాఫీసు_పీఏ:
పేరు చెప్పను, పార్టీ చెప్పను. ఆ ఫొటోలు పెట్టేది నాలాంటి వాళ్లమే కాబట్టి చెప్తున్నా.

పొద్దున ఆరింటికి వాకిట్లో వంద మంది ఉంటారు. పింఛను, బదిలీ, ఆసుపత్రి, పోలీస్ స్టేషన్, అన్నదమ్ముల గట్టు తగాదా. బిల్లు గురించి అడగడానికి వచ్చినవాణ్ణి నా ఉద్యోగంలో చూళ్లేదు. పోయినేడు మా సారు ఏటి కోత మీద ప్రశ్న వేశారు, మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాల్సిన నక్షత్రం గుర్తు ప్రశ్నే. దానికోసం పదిరోజులు ఇరిగేషన్ వాళ్ల వెంట పడి లెక్కలు తెచ్చింది నేను. సభలో మంత్రి చేత సమాధానం చెప్పించాం. ఆ వీడియో పెడితే 43 లైకులు. అదే వారం సారు ఒక పెళ్లిలో అక్షింతలు వేస్తున్న ఫొటోకి రెండు వేలు దాటాయి. మర్నాడు ఆయన నాతో అన్న మాట, ‘ఆ కోత గోల మళ్లీ పెట్టకు, చూసేవాళ్లు లేరు.’

పెళ్లి ఫొటో వేస్ట్ అని మీరనుకుంటారు గానీ, ఆ ఇంటివాళ్లు దాన్ని ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకుంటారు. మీ ఒక పేజీని ఎవరు గోడకు పెడతారు?

అంగన్‌వాడీ_టీచర్:
పీఏ గారూ, గోడకు పెట్టం, కానీ పనికొస్తుంది. పాలమూరు తమ్ముడు ముందే తెలిసి ఏం చేసేవాళ్లం అన్నాడుగా, అతనికే ఈ జవాబు. ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడకూడదని 1994 చట్టంలో ఉండేది. మా పక్క ఊరి డ్వాక్రా లీడర్‌కి ముగ్గురు. మాట తీరు, లెక్క తీరు అన్నీ ఉన్న మనిషి. అయినా నాకెందుకులే అని ఊరుకునేది. 2024 నవంబరులో ఏపీ సభ ఆ నిబంధన తీసేసింది. ఆమెకు ఆ సంగతి తెలిసింది చాలా నెలల తర్వాత, అదీ నేను చెప్తే. మా గ్రూపులో రాలేదు.

ఎమ్మెల్యే గారు ఎటు చెయ్యెత్తారో ఆమెకు అక్కర్లేదు. తలుపు తెరిచారన్న మాట చెవిన పడితే చాలు. బిల్లు ఆపలేకపోవచ్చు తమ్ముడూ, మన నిర్ణయం మారుతుంది కదా.

పాలమూరోడు:
గిది నిజమే అక్కా. పార్ట్-బీ సంగతి ముందే తెలిస్తే కాయితాలన్న జమ జేసి పెట్టుకుంటుంటిమి.

లెక్కల_మాస్టారు:
శాసనసభ సచివాలయం ఆర్టీఐ కిందికి వస్తుంది. మన ఎమ్మెల్యే ఏయే ప్రశ్నలు వేశారో నేను కొద్ది ఖర్చుతోనే తెప్పించగలను. కానీ అడగందే అమ్మైనా పెట్టదని సరిపెట్టుకోవడానికి ఇదేం రెండో ముద్ద కాదు. జీతం తీసుకుంటున్న పనికి లెక్క చెప్పడం. నేను ముప్పై ఏళ్లు ఏటా ప్రోగ్రెస్ కార్డులు రాశాను, ఏ తల్లీ తండ్రీ వచ్చి అడిగితే కాదు.

బెజవాడ_ప్లీడరు:
తప్పనిసరి మాత్రం వద్దు మాస్టారూ. చట్టం పెడితే ప్రభుత్వ ఖర్చుతో ప్రతి ఇంటికీ రంగుల పుస్తకం వస్తుంది, అట్ట మీద నిలువెత్తు బొమ్మతో.

గట్టుమీద_రైతు:
ప్లీడరు గారి మాటకి ఒక మెట్టు దిగుతున్నా. తప్పనిసరి వద్దు, ‘ఎటు ఓటేశారు’ కూడా వద్దు. భూమి, నీళ్లు, పంచాయతీ, ఈ మూడింట్లో ఏం మారింది, ఎప్పటి నుంచి మారింది, ఎవరి దగ్గరికి వెళ్లాలి. తెలుగులో, ఫొటో లేకుండా. సోమవారం మా క్యాంపాఫీసుకి వెళ్లి ఇదే రాసిస్తాను. పీఏ గారూ, మీ వాకిట్లో బిల్లు గురించి అడిగినవాడు లేడన్నారు కదా, మా వాకిట్లో ఒకడు ఉంటాడు.

పాలమూరోడు:
రాయించు అన్నా, కాని నాలుగు ముక్కలల్లనే. మా బాపు చదవడు, ఇంటడు. ఆడియో పెట్టుమను.

క్యాంపాఫీసు_పీఏ:
ఆడియో అంటే సారే మాట్లాడాలి. పోయిన సమావేశాలన్నీ కలిపి ఆయన సభలో మాట్లాడింది నాలుగు నిమిషాలు. అడిగి చూస్తా.