గిరి ప్రదక్షిణకి బయటి ఊరి ఫ్రెండ్స్‌ని తీసుకెళ్లొచ్చా?

ప్రశ్న: ఈ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ చేద్దామనుకుంటున్నానండి, నాతోపాటు ఆఫీసులో కేరళ అమ్మాయి, పంజాబీ అబ్బాయి కూడా వస్తామంటున్నారు, ఆ అమ్మాయి క్రిస్టియన్, ఇద్దరికీ వైజాగ్ కొత్త. ఎవరైనా ఏమైనా అంటారా? 32 కిలోమీటర్లు నడవగలరా?

జవాబు 1: ఎవరూ ఏమీ అనరండి, నడిచేది రోడ్డు మీదే కదా. చతుర్దశి రోజు కొండకింద మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలెడతారు, అడవివరం, హనుమంతవాక మీదుగా జోడుగుళ్ళపాలెం వెళ్లి సముద్రస్నానం చేస్తారు. అక్కడ మాత్రం చీకట్లో లోపలికి దిగనివ్వకండి, ఒడ్డునే తల తడుపుకుంటే చాలు. ఆ తర్వాత సీతమ్మధార, మాధవధార, ఎన్‌ఏడీ జంక్షన్, గోపాలపట్నం, మళ్లీ కొండకిందకే.

జవాబు 2: తప్పకుండా తీసుకురా తమ్ముడూ! దారంతా మజ్జిగ, పులిహోర, మంచినీళ్లు ఫ్రీగా ఇస్తారు, మా వీధివాళ్లం కూడా టెంట్ వేస్తాం, గ్లాసు చేతిలో పెట్టి "అప్పన్న బాబు (సింహాచలం స్వామి) ప్రసాదం, తాగమ్మా" అంటాం తప్ప నీది ఏ ఊరు, ఏ మతం అని అడగం. చీర కుచ్చిళ్లు ఎగదోపి చెప్పుల్లేకుండా నడిచే పల్లెటూరి మామ్మల పక్కన రెండు కిలోమీటర్లు నడిచినా చాలు, పండగంటే ఏంటో నీ ఫ్రెండ్స్‌కే తెలుస్తుంది.

జవాబు 3: అలవాటు లేనివాళ్లని మొత్తం నడవమని బలవంతపెట్టొద్దు, దారిలో ఎంవీపీ కాలనీ దగ్గర ఆగిపోయినా పర్లేదు. నడిచేవాళ్లకి అడ్డంపడి వీడియోలు తీయొద్దని కూడా ముందే చెప్పండి. చందనోత్సవానికైతే మొదటిసారే తేకండి, చందనం పూత తీసిన స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఒక్క అక్షయ తృతీయ రోజే కాబట్టి క్యూలో గంటలకి గంటలు నిలబడాలి.