హ్యాకర్ తలలో చిప్పు పెడితే మానవత్వం పాయింట్లు కోయాలా, వద్దా?

పానగల్_జీఎం:
మా నల్గొండ టేబుల్ మీద సైబర్‌పంక్ రెడ్ ఆడుతున్నాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా మాటలతో, పాచికలతో ఆడే కథల ఆట ఇది, నడిపించే జీఎంను (గేమ్ మాస్టర్) నేను. కథ 2045లోనే, కాకపోతే ఆటలో ఉండే నైట్ సిటీ బదులు హైదరాబాద్ నుంచి జడ్చర్ల దాకా పెరిగిపోయిన ఒక మహానగరంలో పెట్టాను. పోయిన ఆటలో గొడవైంది. నెట్‌రన్నర్, అంటే ఆటలో హ్యాకర్, పని చేయాలంటే తలలో న్యూరల్ లింక్ అనే చిప్పు, దానికి తీగ తగిలించే ఇంటర్‌ఫేస్ ప్లగ్గులు ఉండాలి. పాత్ర తయారు చేసేటప్పుడు ఒక్కోదానికి 7 మానవత్వం పాయింట్లు పోతాయి. ఒకాయన ఆ కోత ఎత్తేయమంటున్నాడు. నేను ఎత్తేయను. తలలోకి తీగ దించుకున్నవాడికి ఏదో ఒకటి పోవాలి, లేకపోతే ఇది మామూలు దొంగా పోలీసు ఆటే. మీరేమంటారు?

తీగలోడు_పాలమూరు:
ఆ ఒకాయన నేనే. లెక్క చూడండి. ఎంపతీ (ఎదుటివాళ్లతో కలిసే గుణం) 6 అయితే దానికి పది రెట్లు, మానవత్వం 60. అందులో 14 పోతే 46, అంటే ఎంపతీ 4కు పడిపోయింది. తుపాకీ పట్టే సోలో పాత్ర ఒక్క చిప్పూ లేకుండా ఆట మొదలుపెట్టొచ్చు. నేను మాత్రం నా పనిలో చేరడానికే 14 కట్టాలి. పైగా రెడ్‌లో నెట్‌లోకి దూరే యాక్సెస్ పాయింట్‌కు 6 మీటర్ల లోపల నిలబడి పని కానివ్వాలి. నెట్‌లో కాపలా ప్రోగ్రామ్ హెల్‌హౌండ్ ఎదురైతే నేరుగా మెదడుకే 2డి6 (రెండు పాచికల మొత్తం) దెబ్బ. ఇన్ని భరిస్తూ ఇంకా 14 ఎందుకన్నా? మొన్న గేటు దగ్గర గార్డును మాటల్లో పెట్టే చోట ఒక్క పాయింట్ తక్కువై దొరికిపోయా. ఎంపతీ 5 ఉన్నా బయటపడేవాణ్ణి.

సూర్యాపేట_సోలో:
6 మీటర్ల రూల్‌ను మాత్రం ముట్టుకోవద్దు. పాత సైబర్‌పంక్ 2020 ఆట రూల్స్‌తో ఆడిన రోజుల్లో హ్యాకర్ ఇంట్లో కూర్చుని నెట్‌లోకి దూరేవాడు, మేమంతా అతను బయటికి వచ్చేదాకా ఖాళీగా కూర్చునేవాళ్లం.

పానగల్_జీఎం:
తమ్ముడూ, పోయిన మానవత్వం తెచ్చుకోవడానికి పైసలు పెట్టి చేయించుకునే థెరపీ ఉంది కదా. శాశ్వతంగా తగ్గేది చిప్పుకు 2 చొప్పున 4 మాత్రమే. 56 దాకా వెనక్కి తెచ్చుకోవచ్చు. నువ్వు పైసలన్నీ డెక్ (హ్యాకింగ్ మిషన్) మీదే పెట్టావు.

తీగలోడు_పాలమూరు:
56 అంటే ఎంపతీ 5 అన్నా. 6 కాదు. నేను మొదలుపెట్టింది 6తో.

దేవరకొండ_డెక్కర్:
షాడోరన్ అనే ఇంకో ఆటకు రండి. అక్కడ మానవత్వం బదులు ఎసెన్స్ 6 ఉంటుంది, ఐదో ఎడిషన్‌లో తలలో పెట్టే డేటాజాక్‌కు పోయేది 0.1. అదీ వద్దంటే ట్రోడ్స్ తలకు పైనుంచి తగిలించుకుంటే చాలు, కోతే ఉండదు.

పానగల్_జీఎం:
ఆట మార్చే ప్రసక్తి లేదు. కోత లేకపోవడమే నాకు నచ్చనిది. బయట ప్రపంచంలో మాత్రం ఊరికే అవుతోందా? 2024 జనవరిలో న్యూరాలింక్ కంపెనీ మొదటిసారి ఒక మనిషి మెదడులో చిప్పు పెట్టింది. భుజాల కింద చచ్చుబడ్డ ఆయన మనసులో అనుకుని కర్సర్ కదిపి చదరంగం ఆడాడు. కొన్ని వారాలకే చిప్పు నుంచి మెదడులోకి దించిన సన్నటి తీగల్లో చాలా వరకు వెనక్కి జారాయి, సాఫ్ట్‌వేర్ మార్చి నెట్టుకొచ్చారు. ఒంట్లోకి యంత్రం పోయిందంటే ఆ మనిషి ఇక పూర్తి మనిషి కాడు. రూల్ చెప్పేది అదే.

మిర్యాలగూడ_అక్క:
ఇప్పటిదాకా చదువుతూ ఊరుకున్నా. ఆ చివరి మాట మళ్లీ చదువుకో తమ్ముడూ. మా చిన్నోడికి పుట్టుచెవుడు. ఆరోగ్యశ్రీలో కాక్లియర్ ఇంప్లాంట్ (వినిపించడానికి లోపల పెట్టే పరికరం) అయింది. పొద్దున లేవగానే చెవి వెనక మిషన్ తగిలించి, మాగ్నెట్ బిళ్ల నెత్తికి ఆనిస్తే టక్కున అతుక్కుంటుంది. అప్పటిదాకా నా పెదాలు చూసేవాడు ఇటు తిరగకుండానే పలుకుతాడు. నీ టేబుల్ దగ్గరికి వస్తే వాడికి ఎన్ని పాయింట్లు కోస్తావు?

తీగలోడు_పాలమూరు:
అక్కా, అది మెదడులో కాదు, లోపలి చెవిలో కదా. న్యూరల్ లింక్‌తో పోల్చలేం.

మిర్యాలగూడ_అక్క:
తీగ ఎక్కడుందో నాకు తెలుసు. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నది నేను.

పానగల్_జీఎం:
అక్కా, వైద్యం కోసం పెట్టినదానికి నా టేబుల్ మీద ఎప్పుడూ కోత లేదు. నేనన్నది దొంగతనం కోసం కావాలని పెట్టించుకునేవాళ్ల గురించి.

మిర్యాలగూడ_అక్క:
ఆ గీత ఎవరు గీస్తారు? పని లేక, కడుపు నిండక చిప్పు పెట్టించుకున్నవాడిది సోకా? నన్ను ఏడిపించింది వాడి తలలో ఉన్నది కాదు, అమ్మినవాళ్లు. బయటి మిషన్ కేబుల్ పోతే 'ఆ మోడల్ ఆపేశాం, కొత్తది కొనుక్కోండి' అన్నారు. కొత్తది లక్షల్లో ఉంది. పాత కేబుల్ దొరికేదాకా బిడ్డ బడికి పోలేదు. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చూపు లేనివాళ్లకు రెటీనా ఇంప్లాంట్లు పెట్టి 2019లో ఆ పని ఆపేసింది. ప్రపంచం మొత్తం మీద 350 మందికి పైగా దిక్కులేనివాళ్లయ్యారు. మనిషిని తక్కువ చేసేది ఇది. దీనికి నీ పాత్ర షీట్ మీద గడే లేదు.

జడ్చర్ల_జంక్షన్:
అక్క మాట నిజం. మా తాత మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని డ్యామ్ పనులకు పోయినోడు. అది తీరేదాకా పండక్కి కూడా పంపేవాళ్లు కాదంట. న్యూరల్ లింక్ ఆట డబ్బులో 500 యూరోబక్స్, ప్లగ్గులు ఇంకో 500. ఆ పైసలు కంపెనీ పెడితే నెట్‌రన్నర్ కూడా పాలమూరు లేబరే. షీట్ మీద అప్పు రాయాలి, మానవత్వం కాదు.

పానగల్_జీఎం:
అందరూ కలిసి నన్ను రాక్షసుణ్ణి చేస్తున్నారు. నేను నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ల మధ్య పెరిగినవాణ్ణి. మర్రిగూడ వైపు నడుములు వంగిపోయినవాళ్లను చిన్నప్పటి నుంచి చూశా. నీళ్లతో పాటు ఒంట్లోకి పోయింది ఎముకను పట్టుకుంటే ఇక వదలదు, మిషన్ భగీరథ నీళ్లు వచ్చినా వంగిన నడుము లేవదు. ఒళ్లు మారితే వెనక్కి రాదన్న ఆ భయం నా ఆటలో ఉండాలి. ఆ 14 అందుకే ఉంచా.

మిర్యాలగూడ_అక్క:
వాళ్లలో ఎవరి మనిషితనం తగ్గింది చెప్పు? నీళ్ల కోసం ఏళ్ల తరబడి కొట్లాడింది వాళ్లే కదా. ఒళ్లు వంగింది, నొప్పి ఉంది, కూలికి పోలేకపోయారు. అవన్నీ నీ ఆటలో పెట్టు, నేనే మెచ్చుకుంటా. ఎంపతీ మాత్రం వాళ్ల దగ్గర కోయకు. నా కొడుకు దగ్గరా కోయకు.

సూర్యాపేట_సోలో:
అక్క చెప్పింది ముందే ఎవరన్నా చెప్పి ఉంటే ఈ గొడవంతా ఉండేది కాదు.

పానగల్_జీఎం:
ఆదివారం ఇలా ఆడి చూద్దాం. రెండు చిప్పులకు ఎంపతీ కదలదు. ఒంటి బలం చూపే బాడీలో 1 పోతుంది. కంపెనీ పైసలతో పెట్టించుకుంటే అప్పు రాస్తా, కట్టకపోతే ఆట మధ్యలో చిప్పు ఆపేస్తా. భయం మాత్రం తీసేయను.

తీగలోడు_పాలమూరు:
బాడీ తగ్గితే హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) కూడా తగ్గొచ్చు అన్నా. హెల్‌హౌండ్ 2డి6కు ఎన్ని దెబ్బలు ఆగుతానో లెక్క వేశావా? దీనికీ ఒప్పుకోను.

మిర్యాలగూడ_అక్క:
బాడీ సంగతి ఆదివారం అక్కడే కొట్లాడుకోండి. అప్పు కట్టలేదని చిప్పు ఆపే హక్కు కంపెనీకి ఎవరిచ్చారో, దాన్ని ఎలా ఎదిరించాలో కూడా రూల్ రాయి తమ్ముడూ. అది ఉంటే నేనూ ఒక నెట్‌రన్నర్‌ను తయారు చేసుకుని వస్తా.