తక్కువ ఖర్చులో సూర్యుడి ఫొటోలు: ఈ ఫిల్టర్ సరిపోతుందా?

ప్రశ్న: నా దగ్గర 70 మి.మీ. రిఫ్రాక్టర్ (లెన్స్ టెలిస్కోప్, ఫోకల్ లెంగ్త్ 700 మి.మీ.), ఒక పాత డీఎస్ఎల్ఆర్ ఉన్నాయి. సూర్యుడి మీద మచ్చలు ఫొటో తీయాలని ఉంది. టెలిస్కోప్‌తో పాటు ఐపీస్‌కి (కన్ను పెట్టి చూసే లెన్స్‌కి) బిగించే చిన్న నల్ల గాజు ఫిల్టర్ వచ్చింది, అది చాలా?

జవాబు 1: వద్దండీ, దాన్ని ఇప్పుడే పారేయండి! లెన్స్ పోగేసిన వేడంతా సరిగ్గా అక్కడే పడి గాజు పగిలిందంటే, మీరు రెప్ప వేసేలోపే కన్ను పోతుంది. ఫిల్టర్ ఎప్పుడూ గొట్టం ముందు వైపే ఉండాలి. ఓడీ 5 (అంటే వెలుగులో లక్షో వంతు మాత్రమే వదిలే) సోలార్ ఫిల్మ్ షీటు కొని అట్టతో చట్రం చేసుకోండి, ముడతలున్నా పర్లేదు, సాగదీయొద్దు, చిల్లు కనిపిస్తే మాత్రం వాడొద్దు. ఫైండర్‌కి (గురి చూసే చిన్న గొట్టానికి) మూత పెట్టండి, నేను మర్చిపోయి చొక్కా కాల్చుకున్నా.

జవాబు 2: ఓడీ 3.8 షీటు కూడా దొరుకుతుంది, దాదాపు 16 రెట్లు ఎక్కువ వెలుగు వదులుతుంది కాబట్టి అది కెమెరాకే, కంటికి కాదు. మీ గొట్టంతో సెన్సర్ మీద సూర్యుడు 6.5 మి.మీ. ఉంటాడు, అంటే చిన్నగానే, బొమ్మను రెట్టింపు చేసే 2ఎక్స్ బార్లో లెన్స్ పెడితే నయం. నేల వేడెక్కకముందే, పొద్దున్నే వీడియో తీసి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచి ఫ్రేములు కలపండి, ఒక్క ఫొటోతో పోలిస్తే తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, ఫిల్టర్ పారేశా. అంచున ఎర్రటి మంటలు కూడా వస్తాయా?

జవాబు 2: రావు. వాటికి హైడ్రోజన్ ఆల్ఫా టెలిస్కోప్ (హైడ్రోజన్ ఇచ్చే 656.3 నానోమీటర్ల ఎర్రటి వెలుగునే చూపేది) కావాలి, అది వేరే ఖర్చు.