మషర్‌కి ‘సారథి’ కుదురుతుందా?

అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ పందెం మీద వ్యాసం తెలుగు చేస్తున్నాను. ఆంకరేజ్ నుంచి నోమ్ దాకా మంచులో సుమారు 1,600 కిలోమీటర్లు. 1973 నుంచి నడుస్తోంది. కుక్కలు లాగే స్లెడ్‌ని (మంచు మీద జారే బండిని) నడిపే మనిషి మషర్. ‘శునక సారథి’ అని రాశాను గానీ మనసొప్పడం లేదు. సారథి అంటే చేతిలో పగ్గాలు ఉండాలి కదా! మషర్‌కి పగ్గాలుండవు, ఉన్నదల్లా గొంతే. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకి, ‘హైక్’ అంటే పదండి అని. (మషర్ అన్న పేరు ఫ్రెంచి ‘మార్ష్’ నుంచి వచ్చిందంటారు. తమాషా ఏమిటంటే, కుక్కలతో ‘మష్’ అనే మషర్లు ఇప్పుడు అరుదు.)

జవాబు: జీ, హా అనేవి ఇంగ్లీషు రైతులు ఎడ్లతో, గుర్రాలతో అనే మాటలే. మనకి దాపటెద్దు, వలపటెద్దు లేవూ? ‘కుక్కలు తోలేవాడు’ అనండి, సరిపోతుంది.

‘తోలేవాడు’ అంటే నాకు ములుకర్రే కనిపిస్తోందండీ. ఇక్కడ చాలాసార్లు దారి తెలిసింది కుక్కకే. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా వస్తే మషర్లు వంతులవారీగా మందు చేరవేశారు, చివరి వంతు గున్నార్ కాసెన్‌ది. మంచు తుఫానులో బండికి ఆనుకొని ఉన్న కుక్కలు కూడా ఆయనకి కనబడలేదు. ముందున్న కుక్క బాల్టో దారి పట్టుకుని వెళ్ళింది. మజిలీ చేరాక ఎవరు ఎవరికి నౌకరో చెప్పడం కష్టం. మషర్ ముందు గడ్డి పరుస్తాడు, మంచు కరిగించి కుక్కలకి వండిపెడతాడు, కాళ్ళ తొడుగులు విప్పి ఒక్కో పాదం చూస్తాడు. తన తిండి, నిద్ర ఆ తర్వాతే. దారిలో ఏదైనా కుక్క అలిసిపోతే దాన్ని బండిలో ఎక్కించుకుంటాడు, మిగతావి లాగుతాయి.

ఇంకో జవాబు: మా తెలంగాణలో ‘తోల్కపోవుడు’ అంటే వెంటబెట్టుకొని పోవుడు. పిల్లలను బడికి తోల్కపోతం, అందులో కర్ర ఎక్కడుంది?

ఇది నచ్చింది. మషర్‌ని మషర్‌గానే ఉంచి, ‘కుక్కలను తోలుకెళ్ళాడు’ అని రాస్తాను. మరి ‘వీల్ డాగ్స్’ సంగతి? బండికి అతి దగ్గరగా కట్టే జత, మలుపులో బరువంతా వాటి మీదే పడుతుంది. ఎద్దుబండ్ల వాళ్ళు రెండు జతలు కట్టినప్పుడు వెనక జతని ఏమనేవారో ఎవరికైనా తెలుసా?