చక్రాల కుర్చీ పోయే పార్కు తిరుపతిలో ఎక్కడుంది?

తుంటి ఎముక విరిగినప్పటి నుంచి మా అవ్వకు చక్రాల కుర్చీయే గతి. సాయంత్రమైతే "కాసేపు చెట్ల కిందికి తీసకపోరా" అంటుంది. ఇంటి దగ్గరి పార్కుకు పోతే, బైకులు రాకుండా గేటులో పాతిన ఇనప పైపుల మధ్య కుర్చీ పట్టలేదు. పక్క గేటుకు ర్యాంపు ఉంది, పేరుకే. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవుండాలి, అది నాలుగడుగులు కూడా లేదు. నేను తోస్తుంటే అవ్వ కుర్చీని గట్టిగా పట్టుకుని "గోవిందా గోవిందా" అంటోంది. నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

ఊర్లో కుర్చీ సాఫీగా పోయే పార్కు ఏదైనా ఉందా? మరుగుదొడ్డి తలుపు కూడా వెడల్పుగా ఉంటే మరీ మేలు. ఇంకోటి, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం కింద పైపులు తీయించమని అర్జీ పెట్టాలంటే ముందు కార్పొరేషన్‌లోనా, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లోనా? ఇలా చేయించుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి.